విడుచుట, ఉంచుట, సెలవు పుచ్చుకొనుట: ‘లీవ్’ అను ఆంగ్ల పదముపై ఒక పరిశీలన

సుమారు ఇరువది సంవత్సరముల క్రితము మేము ఒక పట్టణ సంఘములో కాపరిగా ఉన్నప్పుడు, వివాహమునకు సిద్ధపడుతున్న యౌవనస్థుల కొరకు ఒక చిన్న ఆంగ్ల పుస్తకమును తెలుగు చేసి పాఠములుగా చెప్పేవారము. అందులో మూడవ పాఠము పేరు ‘లీవ్ అండ్ క్లీవ్’. ఆదికాండము 2:24 ఆధారముగా వ్రాసిన పాఠమది. ‘లీవ్’ అని ఉన్న ప్రతి చోట మేము ‘విడిచిపెట్టుట’ అని వ్రాశాము. ఆంగ్లములో ప్రాస కుదిరినందున ఆ పేరు చెవికి ఇంపుగా ఉంటుంది. తెలుగులో ఆ ప్రాస పోయింది. పోతే పోనీ అనుకున్నాము.

ఆ పాఠములు విన్న ఒక యౌవనస్థునికి వివాహమైంది. ఉద్యోగరీత్యా భార్యతో హైదరాబాదు వెళ్లాడు. తల్లి విధవరాలు, అతడు ఒక్కడే కుమారుడు. ఏడాది తిరగకముందే ఒక సాయంకాలము ఆ తల్లి మా ఇంటికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే కూర్చుని, “అయ్యగారూ, పెళ్లయ్యాక అమ్మను విడిచిపెట్టెయ్యమని బైబిల్లోనే ఉందంట గదా, మీరే చెప్పారంట. నాకు చదువు రాదు. ఎక్కడుందో చూపించండి” అని అడిగింది. మేము ఆదికాండము తెరిచి ఆ వచనము చదివి వినిపించాము. ‘విడిచి’ అన్న మాట అక్కడే ఉంది. ఆమె కాసేపు ఊరుకుని, “దేవుడే చెప్పాక ఇంకేముందిలెండి” అని లేచి వెళ్లిపోయింది. కుమారుడు డబ్బు పంపుట మానివేసిన సంగతి మాకు వారము తరువాత మరొకరి ద్వారా తెలిసింది.

ఆ సాయంకాలము మేము చెప్పవలసియుండి చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు వ్రాస్తున్నాము. మన తెలుగు కాపరులలో చాలామందిమి ఆంగ్ల వ్యాఖ్యానములు చదివి తెలుగులో బోధిస్తాము. మూలభాషలు వేదాంత కళాశాలలో చదివినవే, కాని పరీక్షలతో పాటు అవి కూడా చాలావరకు వెళ్లిపోతాయి. కాబట్టి హెబ్రీ, గ్రీకు మాటలు మనకు ఆంగ్లపు కిటికీలో నుండి కనబడుతున్నాయి. ‘లీవ్’ అనే ఈ సామాన్యమైన మాట ఆ కిటికీ అద్దములో ఒక సొట్ట వంటిది.

ఒక మాట, అనేక పనులు

పాఠశాల పిల్లలు మొట్టమొదట నేర్చుకొనే ఆంగ్ల క్రియలలో ఇది ఒకటి. రైలు స్టేషనును ‘లీవ్’ చేస్తుంది, అంటే బయలుదేరుతుంది. సంచిని ఇక్కడ ‘లీవ్’ చేయుమంటే ఉంచుమని అర్థము. తమ్మునికి కొంచెము అన్నము ‘లీవ్’ చేయుమంటే మిగల్చుమని. ఆ సంగతి నాకు ‘లీవ్’ చేయుమంటే నాకు అప్పగించుమని. తాత మనుమనికి పొలము ‘లీవ్’ చేశాడంటే వ్రాసియిచ్చి చనిపోయాడని. అతనిని ఒంటరిగా ‘లీవ్’ చేయుమంటే అతని జోలికి పోవద్దని. భర్త భార్యను ‘లీవ్’ చేశాడంటే మాత్రము సంసారము పోయిందని. ఇన్నింటికీ తెలుగులో మనము వేర్వేరు క్రియలు వాడుతాము. తెలుగువాడు సంచిని ‘విడిచిపెట్టాను’ అంటే మరచిపోయాడేమో అనుకుంటాము. ‘పెట్టాను’ అంటే తిరిగి వచ్చి తీసుకుంటాడని తెలుసు. ఆంగ్లములో ఆ తేడాను సందర్భమే చెప్పవలెను.

ఇక నామవాచకముగా ‘లీవ్’ అంటే సెలవు. కచేరి ఉద్యోగులు, ఉపాధ్యాయులు ‘లీవ్ పెట్టాను’ అనే మాటను పూర్తిగా తెలుగు చేసుకున్నారు. అయితే ఈ సెలవు ‘లీవ్’, విడుచుట అనే ‘లీవ్’ ఒకే మాట కావని చాలామందికి తెలియదు. పలుకుబడి కలిసిపోయిన రెండు వేరు మాటలవి.

విడుచుట అనే క్రియ ప్రాచీన ఆంగ్లములో ‘లాఫన్’ అనే రూపములో ఉండేది. దాని అర్థము ‘ఉండనిచ్చుట, నిలిచియుండునట్లు చేయుట’. జర్మను భాషలో ‘ఉండుట’ అనే అర్థముగల ‘బ్లైబెన్’ దీనికి దగ్గర బంధువు. ఇంకా వెనుకకు వెళితే ‘అంటుకొనుట’ అనే అర్థముగల ఒక ప్రాచీన ధాతువు దొరుకుతుంది. సంస్కృతములోని ‘లిప్’ ధాతువు, మనము వాడే ‘లేపనము’ అనే మాట ఆ కుదురులోనివే. అంటే, విడిచి వెళ్లిపోవుటకు వాడే ఈ మాట మొదట అంటుకొని నిలిచియుండుటకు సంబంధించినది! నేను వెళ్లిపోతూ వెనుక ఒకదానిని ఉండనిస్తాను గనుక, ఉండనిచ్చుట నుండి వెళ్లిపోవుట అనే అర్థము కాలక్రమమున పుట్టింది. 2016 జూన్ 23న బ్రిటను ప్రజలు ఐరోపా సమాఖ్యలో ఉండుటకా, ‘లీవ్’ చేయుటకా అని ఓటు వేసినప్పుడు ఆ రెండు మాటలలో రెండవదాని పుట్టుక కూడా ‘ఉండుట’లోనే ఉందని ఎందరికి గుర్తున్నదో.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. గ్రీకులో ‘విడుచుట’కు ‘లైపో’ అనే క్రియ ఉంది. వినుటకు ‘లీవ్’ వలెనే ఉన్నందున రెండూ ఒకటేనని మేము కూడా బి.డి. మొదటి సంవత్సరములో పరీక్ష పత్రములో వ్రాశాము. ఎర్రసిరా గీత పడింది. గ్రీకు ‘లైపో’ వేరొక ధాతువునుండి వచ్చినది, మనకు తెలిసిన ‘రిక్తము’ దాని బంధువు.

సెలవు అనే అర్థముగల రెండవ ‘లీవ్’ వంశము వేరు. అది ‘అనుమతి’. ఆంగ్లములో ప్రేమకు, విశ్వసించుటకు వాడే ‘లవ్’, ‘బిలీవ్’ అనే మాటలు దానికి తోబుట్టువులు. ప్రీతికలిగి ఒప్పుకొనుట అనే భావము ఈ మూడింటిలోను ఉంది. వెళ్లేవాడు ‘లీవ్’ పుచ్చుకొనుట అంటే మొదట వెళ్లుటకు అనుమతి తీసుకొనుట. మన ‘సెలవు’ కూడా అచ్చముగా ఇదే దారిలో నడిచింది. సెలవు అంటే అనుమతి, సెలవు అంటే పనిలేని దినము, సెలవు తీసుకొనుట అంటే వీడ్కోలు చెప్పుట. పెద్దలు, మన గ్రంథములో దేవుడు కూడా, మాటలాడితే ‘సెలవిచ్చుట’ అంటాము. రెండు భాషలకు చుట్టరికము లేదు. అయినా పెద్దల ఇంటి నుండి అనుమతి లేక కదలకూడదనే మర్యాద రెండుచోట్లా ఉండబట్టి మాటలు ఒకే రీతిని పెరిగినవని మా అభిప్రాయము.

ఇంతచెప్పి ఒక మాట వెనుకకు తీసుకొనవలెను. మాటల పుట్టుక తెలిసినంతమాత్రమున అర్థము తెలిసినట్లు కాదు. జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన బైబిలు భాష యొక్క అర్థవిచార గ్రంథము ఈ పొరపాటును గట్టిగా ఖండించింది. ధాతువు పట్టుకొని ప్రసంగము కట్టుట మనకు ఎంతో ఇష్టమైన అలవాటు. ‘లీవ్’ మూలము అంటుకొనుట గనుక ఆదాము తల్లిదండ్రులను అంటుకొనియుండవలెనని ఎవరైనా బోధిస్తే అది ధాతువుతో చేసిన గారడీయే గాని వ్యాఖ్యానము కాదు. (పైగా ఆదాముకు తల్లిదండ్రులు లేరు.) అర్థమును నిర్ణయించేది వాడుక. కాబట్టి వాడుకకు వెళ్దాము.

ఆదికాండము 2:24లోని హెబ్రీ మాట

1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదము ‘లీవ్’ అన్నచోట హెబ్రీలో ‘ఆజబ్’ అనే క్రియ ఉంది. పాత నిబంధనలో ఇది 200 కంటె ఎక్కువ పర్యాయములు కనబడుతుంది. ఇది మెత్తని మాట కాదు. ఇశ్రాయేలీయులు యెహోవాను విసర్జించి అన్యదేవతల వెంట వెళ్లారని ద్వితీయోపదేశకాండము, యిర్మీయా చెప్పునప్పుడు వాడిన మాట ఇదే. జీవజలముల ఊటను విడిచి తొట్లు తొలిపించుకొన్నారని యిర్మీయా 2:13 చెప్పుచోటను ఇదే. 22వ కీర్తన మొదటి వచనములోని మొర కూడా ఇదే క్రియతో ఉంది. అది నిబంధనకు సంబంధించిన భాష. ఎవరి పక్షమున నిలుస్తావు, ఎవరిని కాదంటావు అనే భాష.

అట్లయితే ఆ తల్లి అనుమానమే నిజమా? ఇక్కడ ప్రాచీన ఇశ్రాయేలు కుటుంబము ఎట్లుండెడిదో చూడవలెను. వివాహమైన కుమారుడు సాధారణముగా తండ్రి ఇంటిని విడిచి వెళ్లలేదు. వచ్చేది కోడలే. ఆదికాండము 24వ అధ్యాయములో రిబ్కా తన పుట్టింటిని విడిచి వస్తే, ఇస్సాకు ఆమెను తన తల్లియైన శారా గుడారములోనికి తీసుకొనిపోయాడు. మన ఇండ్లలో జరిగేదే అక్కడా జరిగింది. ఈ సంగతిని గార్డన్ వెన్‌హామ్ 1987లో వెలువడిన తన ఆదికాండ వ్యాఖ్యానములో ఎత్తి చూపించాడు. పురుషుడు ఇల్లు మారనేలేదు గనుక ఇక్కడ ‘ఆజబ్’ ఊరు మారుటను గూర్చి చెప్పుట లేదు. బాధ్యతల వరుస మారుటను గూర్చి చెప్పుచున్నది. నిన్నటి వరకు అతని మొదటి బాధ్యత తల్లిదండ్రులు, నేటినుండి భార్య. రెండవ స్థానమునకు వచ్చినవారు పారవేయబడినవారు కారు.

ఒక విషయము దైవజనులైన మనము సాధారణముగా దాటివేస్తాము. ఈ వచనములో విడువవలసినవాడు పురుషుడు. లోకమంతట స్త్రీ విడిచి వస్తున్న కాలములో లేఖనము ఆ భారమును పురుషునిపై మోపింది. మన పెండ్లి ప్రసంగములలో ఈ వచనము చదివి, ఆ తరువాత పెండ్లికుమార్తెకే అత్తవారింట ఎట్లు మెలగవలెనో అరగంట చెప్పుట మేము ఎన్నో చోట్ల విన్నాము, మేమూ చెప్పాము.

‘ఆజబ్’కు ఇంకొక వింత ముఖము ఉంది. నిర్గమకాండము 23:5లో పగవాని గాడిద బరువు క్రింద పడియుండుట చూచినవాడు ఏమి చేయవలెనో ధర్మశాస్త్రము చెప్పుతుంది. ఆ ఒక్క వచనములో ఈ క్రియ మూడు పర్యాయములు వస్తుంది. మొదట ‘అట్లే విడిచిపోవద్దు’ అనే భావములో. వెంటనే ‘అతనితో కలిసి దానిని తప్పక విడిపించుము’ అనే భావములో. ఒకే మాట, వదలిపోవుటకును ఆదుకొనుటకును. నెహెమ్యా 3:8లో యెరూషలేము ప్రాకారము కట్టినవారిని గూర్చి ఇదే మాట వచ్చునప్పుడు అనువాదకులు బాగుచేయుట, దిట్టపరచుట అనే అర్థములు తీసుకొనక తప్పలేదు. ఇవి పలుకుబడి కలిసిన రెండు వేరు ధాతువులని కొందరు పండితులు అంటారు. ఆంగ్లములో రెండు ‘లీవ్’లు ఉన్నట్లే. మనకు ఇంతమాత్రము చాలును: ‘ఆజబ్’ కనబడగానే నిఘంటువులో మొదటి అర్థము దించి ముందుకు పోరాదు.

‘హత్తుకొనును’ అన్నచోట ఉన్న ‘దాబక్’ సంగతి క్లుప్తముగా చెప్తాము. ఆంగ్లములో దీనికి వాడిన ‘క్లీవ్’ కూడా రెండు మాటల కలయికే. ఒకటి అంటుకొనుట, మరియొకటి చీల్చుట. కట్టెలు చీల్చే క్రియతో పెండ్లి బంధమును చెప్పవలసి వచ్చిన ఆంగ్లేయులను చూచి జాలిపడవలెను గాని, ఆ భాష వచ్చినవారికి అది తికమక పెట్టదు.

రూతు వద్ద ఆ రెండు మాటలు

మా పాఠములో మేము చేయని పని ఒకటి ఉంది. ‘ఆజబ్’, ‘దాబక్’ అనే ఈ రెండు క్రియలు మరల దగ్గర దగ్గరగా ఎక్కడ వస్తాయో వెదకలేదు. రూతు గ్రంథములో వస్తాయి. 1:14లో ఓర్పా అత్తను ముద్దుపెట్టుకొని వెళ్లిపోతుంది, రూతు ఆమెను హత్తుకొంటుంది, అక్కడ ‘దాబక్’. 1:16లో నిన్ను విడిచిపొమ్మని నన్ను బలవంతపెట్టవద్దని రూతు వేడుకొంటుంది, అక్కడ ‘ఆజబ్’. 2:11లో బోయజు, నీవు నీ తండ్రిని నీ తల్లిని విడిచి వచ్చిన సంగతి నాకు తెలిసిందని ఆమెను మెచ్చుకొంటాడు. అక్కడ మరల ‘ఆజబ్’, తండ్రి, తల్లి అనే మాటలతో సహా.

ఆదికాండము వివాహమునకు వాడిన భాషను ఈ గ్రంథకర్త ఒక విధవరాలి పట్ల ఆమె కోడలు చూపిన నమ్మకత్వమునకు వాడాడు. తల్లిదండ్రులను విడుచుట, హత్తుకొనుట అనే మాటలు పేదరాలైన ఒక ముసలి అత్తను విడిచిపెట్టకుండుటకు పనికివచ్చాయి. ఆ గ్రంథము మన చేతిలో ఉండగా ఆ తల్లికి మేము ఆదికాండము ఒక్కటే చూపించాము.

తల్లిదండ్రులను సన్మానించుమనే ఆజ్ఞను కొర్బాను అనే సాకుతో త్రోసివేసినవారిని ప్రభువు మార్కు 7లో గద్దించాడు. 1 తిమోతి 5లో విధవరాలి పిల్లలైనను మనుమలైనను ముందు ఇంటివారి యెడల భక్తి చూపవలెనని పౌలు వ్రాశాడు. ఇవి అందరికి తెలిసినవే. దేశ చట్టము కూడా 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టముతో ఈ మాటే చెప్పింది. సంఘము చెప్పవలసినదానిని శాసనసభలు చెప్పవలసి వచ్చుట సంతోషకరమో సిగ్గుకరమో చదువరులే ఆలోచించవలెను.

క్రొత్త నిబంధనలో ‘అఫియేమి’

గ్రీకు క్రొత్త నిబంధనలో ఆంగ్ల ‘లీవ్’కు అన్నిటికంటె దగ్గరగా వచ్చే క్రియ ‘అఫియేమి’. ఇది 140కి పైగా చోట్ల వస్తుంది. యాకోబు యోహానులు తండ్రియైన జెబెదయిని దోనెలో విడిచి వెళ్లినప్పుడు ఇదే. పేతురు అత్తను జ్వరము విడిచినప్పుడు ఇదే. బలిపీఠము ఎదుట అర్పణమును ఉంచి వెళ్లి సహోదరునితో సమాధానపడుమన్నప్పుడు ఇదే. చిన్నబిడ్డలను రానియ్యుడన్నప్పుడు ఇదే. యోహాను 14:27లో ప్రభువు శిష్యులకు శాంతిని ఉంచి వెళ్లుచున్నప్పుడు ఇదే, 14:18లో వారిని అనాథలుగా విడువనని చెప్పినప్పుడును ఇదే. గెత్సేమనేలో శిష్యులందరు ఆయనను విడిచి పారిపోయినప్పుడు ఇదే. పరలోక ప్రార్థనలో మా ఋణములు క్షమించుమన్నప్పుడును ఇదే. ఈ క్రియ నుండి వచ్చిన ‘అఫెసిస్’ చెరలోనున్నవారి విడుదలకు లూకా 4:18లో వాడబడింది. ఆ మాటనే గ్రీకు పాత నిబంధన లేవీయకాండము 25లో సునాద సంవత్సరపు విడుదలకు వాడింది.

తెలుగులో విడుచుట, విడుదల ఒకే కుదురులోనివి. వీడ్కోలు కూడా అక్కడిదే. వింత ఏమనగా పెండ్లివారు దిగే ‘విడిది’ సైతము ఆ కుటుంబములోనిదే. తమిళములో ‘వీడు’ అంటే ఇల్లు, మోక్షము కూడా. కాబట్టి ఆంగ్లము కంటె తెలుగు ఈ గ్రీకు మాటకు మంచి పాత్ర అని మేము తలుస్తాము. అప్పు విడిచాడు, పట్టు విడిచాడు, పగ విడిచాడు అంటే పల్లెలో ఎవరికైనా తెలుస్తుంది. క్షమాపణ అనే సంస్కృత పదము వద్ద ఆగిపోక, ‘అప్పు విడిచిపెట్టుట’ అని చెప్పి చూడండి. వడ్డీ కట్టి నలిగినవారు తల ఎత్తి వింటారు.

అరమాయిక్ భాష ఇంకొక అడుగు ముందుకు వెళ్తుంది. సిలువ మీది మొరలో మనకు తెలిసిన ‘సబక్తానీ’ అనే మాటలోని క్రియ ‘షెబక్’. దాని అర్థము విడుచుట. ఆ భాషకు శాఖయైన సిరియాక్‌లోని పెషిత్తా అనువాదమును తెరిచి పరలోక ప్రార్థన చూస్తే, మా ఋణములు క్షమించుమన్నచోట కూడా అదే ‘షెబక్’ ఉంటుంది. కేరళలోని సిరియను సంఘములవారు తమ ఆరాధనలో ఈ భాషను శతాబ్దముల తరబడి నిలుపుకొన్నారు. చేయి విడువబడినవాడు ఎట్లు మొరపెట్టాడో, అప్పు విడువబడవలసినవాడు ఎట్లు ప్రార్థించునో, రెండూ ఒకే క్రియతో. ధాతువుతో గారడీ చేయరాదని పైన మేమే చెప్పాము గనుక దీనిమీద సిద్ధాంతము కట్టము. కాని మంచి శుక్రవారమున ఆ మాట విన్నప్పుడు ఇది గుర్తు వస్తే తప్పులేదు.

క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన యూదుల మిష్నాలో విడాకుల పత్రమునకు గల అరమాయిక్ పేర్లలో ఒకటి ఈ ‘షెబక్’ నుండి వచ్చినదే, ‘విడుదల లేఖ’ అనే అర్థములో. ఆ లేఖ చేతికి వచ్చిన స్త్రీ మరల వివాహము చేసికొనవచ్చును. అది లేకుండ విడువబడిన స్త్రీ ఎటూ కానిదగును. మన విడాకులలో ఆకు ఉన్నది. వారిది చర్మపు పత్రమో, కాగితమో. ఏదైనను చేతికి ఒక పత్రము ఇవ్వవలెనని చెప్పిన ధర్మశాస్త్రము స్త్రీ పక్షమున ఎంత మేలు చేసిందో, మాటతోనే పంపివేయబడిన స్త్రీలను ఎరిగిన కాపరులకు తెలుసు.

ఎవరు విడిచారు?

1 కొరింథీయులకు 7లో ‘అఫియేమి’ విడాకుల మాటగా వస్తుంది. 12వ వచనములో అవిశ్వాసియైన భార్యగల సహోదరుని గూర్చి, 13వ వచనములో అవిశ్వాసియైన భర్తగల స్త్రీని గూర్చి పౌలు వ్రాశాడు. రెండుచోట్లా క్రియ ఒక్కటే. కాని కింగ్ జేమ్స్ అనువాదకులు పురుషుని విషయములో ‘వెలుపల పెట్టరాదు’ అనే అర్థమిచ్చు మాట వేసి, స్త్రీ విషయములో ‘లీవ్’ చేయరాదు అని వేశారు. పురుషునికి పంపివేయు అధికారము, స్త్రీకి వెళ్లిపోవు అవకాశము మాత్రమే ఉన్న సమాజము వారిది. రోమా పరిపాలనలోని కొరింథులో స్త్రీ కూడా వివాహమును రద్దు చేసికొనగలదు. పౌలు ఇద్దరిని ఒకే క్రియతో, ఒకే త్రాసులో తూచాడు. మన తెలుగు పరిశుద్ధ గ్రంథము రెండు వచనములలోను ‘పరిత్యజించు’ అనే మాటనే వాడి పౌలు సమానత్వమును కాపాడింది. ఆంగ్లము మీద తెలుగు నెగ్గిన చోట్లలో ఇది ఒకటి, దీనిని విద్యార్థులకు తప్పక చూపించవలెను.

దీనివలన కాపరికి కలిగే ప్రయోజనము చిన్నది కాదు. సంఘ పెద్దల యెదుటికి తగాదా వచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న “ఎవరు విడిచి వెళ్లారు?” అనియే. దెబ్బలకు తాళలేక పుట్టింటికి వెళ్లిన స్త్రీ గడప దాటింది గనుక ఆమే విడిచినదని తీర్పు అయిపోతుంది. న్యాయస్థానములు ఇంత తొందరపడవు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టమును 2001లో సవరించినప్పుడు, కనీసము రెండేండ్లు విడిచిపెట్టి ఉండుట కూడా ఒక కారణముగా చేర్చారు. (అంతకుముందు భర్తకు భార్య వ్యభిచారము ఒక్కటి రుజువు చేస్తే సరిపోయేది, భార్య మాత్రము భర్త వ్యభిచారముతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టుటో కూడా రుజువు చేయవలసి యుండెడిది. నూట ముప్పది ఏండ్లు ఆ చట్టము క్రింద మన స్త్రీలు బ్రతికారు.) అయితే ‘విడిచిపెట్టుట’ అంటే ఇల్లు మారుట మాత్రమే కాదు, సంసారమును ముగించవలెనన్న ఉద్దేశము ఉండవలెనని, తాళలేని స్థితి కల్పించి భాగస్వామిని వెళ్లగొట్టినవాడు ఇంటిలోనే కూర్చున్నా విడిచినవాడే అగునని న్యాయశాస్త్రము చెప్పుతుంది. పౌలు త్రాసు, న్యాయమూర్తి త్రాసు ఇక్కడ ఒకవైపే మొగ్గుతున్నాయి. పెద్దల కూటముల త్రాసును గూర్చి మేము చెప్పనక్కరలేదు.

విడువబడినవాడు ఎవడు?

మత్తయి 24:40లో పొలములోనున్న ఇద్దరిలో ఒకడు తీసికొనిపోబడును, ఒకడు విడువబడును. ఈ ‘విడువబడును’ కూడా ‘అఫియేమి’యే. 1995 నుండి వెలువడిన టిమ్ లాహే, జెర్రీ జెన్‌కిన్స్ నవలల తరువాత, వెనుక విడువబడినవాడు నశించినవాడేనని మన యౌవనస్థులకు ఒక సినిమా బొమ్మ వలె స్థిరపడింది. కాని 39వ వచనములో నోవహు దినములలో కొట్టుకొనిపోయినవారు అవిశ్వాసులు, నిలిచినవాడు నోవహు. ఆ పోలిక ప్రకారము విడువబడినవాడే తప్పించుకొన్నవాడు కావచ్చును. ఎదుటివారికి కూడా బలమైన ఆధారము ఉంది: కొట్టుకొనిపోయిరి అన్నచోట ఒక క్రియ, తీసికొనిపోబడును అన్నచోట వేరొక క్రియ ఉన్నాయి. రెండవది యోహాను 14:3లో నాయొద్ద ఉండుటకు మిమ్మును తీసికొనిపోవుదునన్న వాగ్దానములోని క్రియ. ఇందులో ఏదో ఒకటి తేల్చి చెప్పుమంటే మేము చెప్పము. ‘విడువబడుట’ ఒక్క మాటపై భయము పుట్టించే ప్రసంగము కట్టవద్దని మాత్రము అడుగుతాము.

లూకా సువార్తలోని ఒక మాటతో విద్యార్థుల ప్రశ్న ఒకదానికి జవాబు చెప్పి ముగిస్తాము. తనకు కలిగినదంతయు విడిచిపెట్టనివాడు నా శిష్యుడు కానేరడని లూకా 14:33లో ఉన్నది గదా, అది తల్లిదండ్రులకు కూడా వర్తించదా అని వారు అడుగుతారు. అక్కడ గ్రీకులో ‘అఫియేమి’ లేదు, ‘అపొతస్సోమై’ ఉంది. దాని నేరైన అర్థము వీడ్కోలు చెప్పుట. అపొస్తలుల కార్యములు 18:18లో పౌలు కొరింథు సహోదరుల వద్ద సెలవు పుచ్చుకొన్నప్పుడు వాడిన క్రియ ఇదే, అక్కడ కింగ్ జేమ్స్ అనువాదము ఆ రెండవ ‘లీవ్’ను, అంటే అనుమతి ‘లీవ్’ను, వాడింది. ఆస్తికి నమస్కారము పెట్టి బయలుదేరుము అన్నట్లు ఆ మాట వినబడుతుంది. సెలవు పుచ్చుకొన్న పౌలు కొరింథు సంఘమును మరచిపోలేదు. ఉత్తరములు వ్రాశాడు, మరల వెళ్లాడు, వారి నిమిత్తము ఏడ్చాడు.

కొన్నేండ్లకు మా పాఠముల పుస్తకము మరల అచ్చు వేయించినప్పుడు మూడవ పాఠమును తిరిగి వ్రాశాము. ‘విడిచి’ అన్న మాట తీయలేదు. అది లేఖనములోనిది, తీయుటకు మాకు అధికారము లేదు. ‘విడిచిపెట్టుట’ అని మేము వ్రాసిన పదునాలుగు చోట్లను కొట్టివేశాము. పాఠము చివర పెండ్లికుమారుడును పెండ్లికుమార్తెయు కలిసి రూతు మొదటి అధ్యాయము బిగ్గరగా చదువవలెనని, ఇద్దరి తల్లిదండ్రుల మందులకును బియ్యమునకును నెలకు ఎంత పంపుదురో ఆ దినముననే కాగితము మీద వ్రాసికొనవలెనని చేర్చాము. హైదరాబాదులోనున్న ఆ యౌవనస్థునికి ఒక ప్రతి పోస్టులో పంపాము. అప్పటికి అతని తల్లి సమాధియై రెండేండ్లు. పుస్తకము అందినదని అతడు ఫోను చేశాడు, ఇంకేమియు మాటలాడలేదు, మేమును మాటలాడలేదు.